మొగ దగ్గర పట్టుబడ్డ వంటవాడు

‘ప్రిస్కిల్లా’ ఫిరంగి ఓడ,
కేప్ ఫియర్ మొగ బయట,
1864 ఫిబ్రవరి.

అమ్మకు,

నీ పెద్దకొడుకు ఈనక్ రాస్తున్నది. నేనిక్కడ బాగానే ఉన్నాను. నువ్వక్కడ బాగున్నావా అని అడగాలి కాబట్టి అడుగుతున్నాను. తెల్లజెండా పడవలో వచ్చే ఈ ఉత్తరాన్ని మా ఉత్తరాది అధికారులు ఒకసారి, మీ దక్షిణాది అధికారులు ఒకసారి చదివాక గానీ నీ చేతికివ్వరు. చదువుకోనీ. మనింటి గొడవ మన స్మిత్‌విల్‌లో ఎవరికి తెలియదు గనక!

“నీ దిక్కుమాలిన ఓడ ఇంకా మునగలేదా?” అని అడిగావు. మునగలేదు. యుద్ధానికి ముందు ఇది న్యూయార్క్‌లో పాలబండ్లనీ గుర్రాలనీ ఏరు దాటించే ఆవిరి బల్లకట్టు. నేను దాని మీదే పనిచేసేవాణ్ణి. సర్కారు దాన్ని కొని, ఫిరంగులెక్కించి, దాంతోపాటే మమ్మల్నీ తీసుకుంది. ఇప్పటికీ ఎండ కాస్తే డెక్కు చెక్కల్లోంచి గుర్రప్పేడ వాసన వస్తుంది. బాయిలర్ కారుతుంది, చక్రాలు మూలుగుతాయి. మొదటి ఏడాది లోపలి కాలువల్లో తిరిగి మీ కోటల మీద గుండ్లు కురిపించాం. అప్పట్నుంచీ ఏరు సముద్రంలో కలిసే ఈ మొగ ముందు కాపలా. ఇంగ్లండు తుపాకులు మీకు చేరకుండా, మీ పత్తి బయటికి పోకుండా చూడటమే పని. తినడానికి ఉప్పుమాంసం, పురుగులు పట్టిన బిస్కెట్లు. నీ శాపనార్థాలు ఈ ఓడకి ఇంకా తగల్లేదు.

“మావయ్య ఉప్పుబట్టీలు తగలబెట్టింది నువ్వేనా?” అనీ అడిగావు. నేనే. ఉప్పు కాచే పెనాలన్నిటినీ సమ్మెటలతో పగలగొట్టాం. అక్కడ బానిసలుగా ఉన్నవాళ్ళని ఓడ ఎక్కించుకున్నాం. కేటో గుర్తున్నాడా? నాన్న పడవలో నా పక్కన కూర్చుని తెడ్డేసిన కేటో. నాన్న పోగానే నువ్వు మావయ్యకి అమ్మేసిన కేటో. మా ఓడలో నీటిలోతు కొలిచేది ఇప్పుడతనే. అమ్మకి ఉత్తరం రాస్తున్నాను, ఏమైనా చెప్పమంటావా అన్నాను. “ఆవిడ నన్ను అడిగిందా?” అన్నాడు. అడగలేదన్నాను. “మరింకేం” అని తాడు చుట్టుకుంటూ వెళ్ళిపోయాడు.

ఇక నీ అసలు ప్రశ్న. “ఏసా నీ చేతికి చిక్కితే వదిలిపెట్టు, వాడు నీ తమ్ముడు” అని రాశావు. నేను నీ కొడుకునని మాత్రం ఆ ఉత్తరంలో ఒక్కచోటా రాయలేదు.

చిక్కాడు. పోయినవారం ఒక పొద్దున దొంగచాటుగా మీకు సరుకు తెస్తూ పొగమంచులో దారి తప్పిన ఓడొకటి మాకు ఎదురుపడింది. దాని ముక్కు ముందు నీళ్ళలోకి ఒక్క గుండు వేస్తే ఆగిపోయింది. మనుషుల్ని మా ఓడలోకి దించుకున్నాం. అందరూ ఇంగ్లీషువాళ్ళమన్నారు. నీకు తెలియంది కాదు, ఇంగ్లీషువాళ్ళని పరాయి దేశస్థులని కొద్దిరోజుల్లో వదిలేస్తారు. మొగలో దారి చూపే మన స్మిత్‌విల్ పైలట్ దొరికితే యుద్ధం అయ్యేదాకా జైలే. అందుకే ఏ ఓడ పట్టుబడ్డా అందులో పైలట్ ఉండడు, వంటవాడు మాత్రం ఒకడు ఎక్కువుంటాడు.

ఆ ఎక్కువైన వంటవాడు ఏసా. నడుముకి పిండిగుడ్డ, ఒంటి మీద నా కోటు. భుజం మీద తెరచాప దారంతో నేను కుట్టుకున్న అతుకు నాకు తెలియదా? నేను ఉత్తరాదివాళ్ళలో చేరానని తెలిసిన రోజు నా కోటు తగిలించుకునే కొక్కెం గోడ నుంచి పీకేయించావని విన్నాను. కోటు వాడికిచ్చావని అప్పుడే చూశాను. నాకు ఒళ్ళు మండింది. అయినా వాడు తల దించుకుంటే నేనూ మొహం తిప్పుకున్నాను. అప్పటికి వదిలేద్దామనే అనుకున్నాను.

మంచులో లోతునీళ్ళకి తిరిగి వెళ్ళాలి. ఈ నీళ్ళు తెలిసినవాణ్ణని చుక్కాని దగ్గర నన్ను నిలబెట్టారు. కేటో సీసపు గుండు తాడు విసిరి, “మూడు బారలు! రెండున్నర! నల్ల ఇసుక!” అని అరుస్తున్నాడు. నాన్న నేర్పిన దారే కదా అని, “ఇలాగే పోనీ” అన్నాను.

వెనక నుంచి ఏసా కేక వినపడింది. “ఎడమకి తిప్పరా! పోయిన తుఫానుకి ఇసుకమేట జరిగింది! నీ కళ్ళు పోయాయా?”

తిప్పాం. ఓడ అడుగు ఇసుకని రాసుకుంటూ బయటపడింది. వాడు నోరు మూసుకుని ఉంటే మేమక్కడే కూరుకుపోయేవాళ్ళం. మంచు తొలగగానే మీ కోట ఫిరంగులు మమ్మల్ని తునకలు చేసేవి. నువ్వు కోరుకున్నదే జరిగేది. కానీ చిన్నప్పుడు నాన్న ఈ మొగ ఇసుక మా ఇద్దరి నాలుకల మీదా పెట్టి ఒట్టేయించుకున్నాడు కదా, ఓడ ఎవరిదైనా మేట వైపు పోతుంటే చూస్తూ ఊరుకోకూడదని. ఊరుకోలేకపోయాడు, వెర్రివెధవ.

కెప్టెన్ వాడి ముందుకొచ్చి నిలబడ్డాడు. “ఏ ఊరయ్యా నీది?”

“లివర్‌పూల్ అండీ. వంటవాణ్ణి.”

“లివర్‌పూల్ వంటింట్లోంచి ఈ మేట కనపడుతుందా?” అని కేటో వైపు తిరిగాడు. “నువ్వీ ఊరివాడివేగా, ఎవరితను?”

“నన్నెందుకు అడుగుతారు? ఈనక్‌ని అడగండి” అన్నాడు కేటో.

ఇంతసేపూ నీకు చెప్పకుండా దాటేసింది ఇదే. అడిగితే చెప్పాను. “మా తమ్ముడు. స్మిత్‌విల్ పైలట్. ఈ మొగ మీద వీణ్ణి మించినవాడు లేడు” అన్నాను.

ఏసా నా మొహాన ఉమ్మేశాడు. “నీ ప్రాణం కాపాడితే ఇదా నువ్వు చేసేది? అమ్మ చెప్పింది నిజమే, నువ్వు మనిషివి కాదురా!”

“జైల్లో కూర్చుని తీరిగ్గా తిట్టుకో” అన్నాను.

ఎందుకు చెప్పానో కూడా విను. క్రిస్మస్ ముందు మేం ఒడ్డుకి తరిమి కాల్చేసిన ఓడ మీద మొదటి గుండు వేసింది నా ఫిరంగే. బాయిలర్ పేలి మనుషులు సముద్రంలో పడ్డారు. పడవ దించుకుని వెళ్ళి, నీళ్ళలో బోర్లా తేలుతున్న ప్రతివాణ్ణీ వెల్లకిలా తిప్పి చూశాను. ఏసా లేడు. అందరినీ చూశాక పడవలో కూలబడి ఏడ్చాను. ఆ మర్నాడే మళ్ళీ ఇంకో ఓడ మీద పేల్చాను. అది నా పని, ఇకముందూ పేలుస్తాను. వాణ్ణి వదిలేస్తే నెల తిరక్కుండా ఇంకో ఓడెక్కి ఇదే మొగకి వస్తాడు. నేనూ ఇదే ఫిరంగి దగ్గర ఉంటాను.

అందుకే వదల్లేదు. నువ్వు ఎంత తిట్టుకున్నా నాకు పశ్చాత్తాపం లేదు, క్షమించమనీ అడగను.

వాణ్ణి ఉత్తరాది జైలుకి పంపించే పడవలోకి దింపేటప్పుడు కోటు విప్పి నా మీదకి విసిరికొట్టాడు. తిరిగి వాడి మీదకే విసిరాను. “అక్కడ చలికి చస్తే అమ్మ అదీ నా మీదే వేస్తుంది, తొడుక్కో” అన్నాను. నన్ను తిట్టుకుంటూనే తొడుక్కున్నాడు.

యుద్ధం అయిపోయాక నీ కొడుకు ప్రాణాలతో ఇంటికొస్తాడు. ఈలోగా పీకేసిన చోటే కొక్కెం మళ్ళీ కొట్టించు. వాడు రాగానే ఆ కోటు విప్పించి దానికి తగిలించు. కోటు నాది.

ఇట్లు,
నువ్వు కొడుకు కాదన్నా ఏసాకి అన్నయ్య,
ఈనక్