గొలుసు రెండో కొస

నేను డ్యూటీకి వెళ్తున్నా. నువ్వూ మీ చెల్లీ పడవ తీసేముందు ఇది పూర్తిగా చదువు.

కొత్త లంగరు బరువు. ఒక్కదానివే ఎత్తకు, ఇద్దరూ పట్టుకోండి. గాలి పెరిగితే గొలుసు ఇంకా వదలండి. అయిదేసి మీటర్లకి ఎర్ర రంగు గుర్తులు పెట్టాను. రంగు ఇంకా పూర్తిగా ఆరలేదు, ఆ తెల్ల చొక్కా వేసుకోకు.

పెద్ద లంగరు కొనమని కట్టుకున్న మొగుణ్ణి నేను రెండేళ్ళుగా మొత్తుకుంటుంటే "నీకన్నీ భయాలే" అన్నావు. అదే మాట పడవ సామాన్ల షాపు మాస్టారు అనేసరికి శిలాశాసనమైపోయింది. అన్నం దగ్గర కూడా ఆయన గోలే. "మాస్టారు ఎంత శ్రద్ధగా బిగించారో చూడు" అని నన్నే తీసుకెళ్ళి చూపించావు.

చూశాను. లంగరు వైపు బాగానే బిగించాడు. పొద్దున రంగు ఆరిందా అని గొలుసు మొత్తం బయటికి లాగితే, రెండో కొస పడవలో దేనికీ కట్టి లేదు! మీరు లంగరు వేసుంటే గొలుసుతో సహా నీళ్ళపాలయ్యేది. మీరిద్దరూ గాలి ఎటు తోస్తే అటు పోయేవాళ్ళు.

ఆ కొసని పడవ లోపలి ఇనప కడియానికి తాడుతో కట్టేశాను. ఆపదలో కోసెయ్యాల్సి వస్తే చాకు పక్కనే పెట్టాను. నాకు పడవ నడపడం రాదు, ఈత కూడా అంతంతమాత్రమే. ఆ ముడి మాత్రం మూడుసార్లు లాగి చూశాను.

అన్నట్టు, ఈ సంగతి మీ మాస్టారికి చెప్పకు. పాపం, చిన్నబుచ్చుకుంటాడు.

కాదులే, చెప్పు. "మా ఆయన కట్టాడు" అని చెప్పు. అచ్చం ఆ మాటే అనాలి.