బూడిదరంగు లేని పుస్తకం

2004 ఆగస్టు, గురువారం రాత్రి

తమ్ముడి పుస్తకం అచ్చయి వచ్చింది. సంతోషమూ కలగలేదు, ఏడుపూ రాలేదు. నలుగురు కూర్చుని పాచికలు వేస్తూ కథ నడిపించుకునే ఆట కోసం వాడు రాసుకున్న పుస్తకం. వాడు పోయాక నేనే వన్ టౌన్‌లో ప్రెస్సుకిచ్చాను.

మొదటి పేజీలోనే రాసి ఉంది: "బూడిదరంగు వేసిన భాగాలను ఎవరైనా తీసుకుని తమ ఆటల్లో వాడుకోవచ్చు. మిగతాది నాది." వాడు ఇంటర్నెట్‌లోంచి తీసుకున్న ఆట నియమాల లైసెన్సు ప్రకారం అలా గుర్తు పెట్టి తీరాలట. తెరిచి చూస్తే పుస్తకమంతా తెలుపే.

ఇదేమిటని అడిగితే ప్రెస్సు ఖాదర్ గారు నొచ్చుకున్నారు. "అక్షరాల వెనకాల మసి పట్టినట్టుందమ్మా. పోయిన పిల్లాడి పుస్తకం కదా, నీట్‌గా ఉండాలని నేనే దగ్గరుండి తీయించేశా."

టీ తెప్పించారు, తాగి వచ్చేశాను.

ఆదివారం వాడి ఫ్రెండ్స్ గుణదలలో మా ఇంటికి వస్తారు. పుస్తకాలు ఇలాగే పంచితే వాడు ఎవరికీ ఏమీ ఇవ్వనట్టే లెక్క. అందుకే పెన్సిల్ తీసుకుని మొదటి కాపీలో ఒక్కో పేరా మీదా రంగు రుద్దుతున్నాను. ఇలా ఎన్ని కాపీలకని...

ఆట కోసం వాడే కల్పించిన రైవస్ కాలవ దయ్యం పేజీ దగ్గర చెయ్యి ఆగింది. ఆసుపత్రిలో వాడు చెప్పింది దాని గురించే.

"అక్కా, అదొక్కటీ నాకుంచు. మిగతాదంతా ఇచ్చెయ్."

పుస్తకం మొత్తం మీద వాడు కోరినట్టు అచ్చయింది ఆ ఒక్క పేజీయే.