వాలుగా వేయించిన నేల

శ్రీవారికి,

క్షేమం అడిగే వీలు లేకుండా పోయారు కనుక నేరుగా విషయానికి వస్తాను. ఇంటి వెనుక మీ లాన్ మొత్తం తవ్వించాను. అమ్మాయి ఆడుకోవడానికి కృత్రిమ గడ్డి పరిచే టర్ఫ్ కోర్టు వేయిస్తున్నాను.

మీరుండగా ఈ కోర్టు మాట వచ్చినప్పుడు, నీళ్లు నిలవకుండా నేల కాస్త వాలుగా ఉండాలని నేనంటే, "కోర్ట్ అంటే ఫ్లాట్‌గా ఉండాలి. మీ నైట్ కాలేజ్‌లో ఇదే చెప్పారా మేడమ్?" అని స్నేహితుల ముందు నవ్వారు. ఆ కాలేజీలో నేను నిర్మాణశాస్త్రంలో పట్టా పుచ్చుకున్నానని వారికి మాత్రం మీరు చెప్పలేదు.

ఈ రోజు కంకర మీద రాతిపొడి పరిపించి, రోలర్‌తో తొక్కించి, నేనే పైపుతో నీళ్లు వదిలాను. ఎక్కడా నిలవకుండా కంచె వైపు జారిపోయాయి.

"డాడీ ఉంటే ఇంకా ఆర్గ్యూ చేసేవాడమ్మా," అంది అమ్మాయి.

నిజమే. మీరు ఓడిపోయే రోజుకు ఇక్కడ లేకపోవడాన్ని కూడా మీ మొండితనంగానే భావిస్తున్నాను.