జిగురు దగ్గర ఊడిన ముక్క

బుధవారం, రాత్రి

"ఉద్యోగం రాలేదని మా పిల్ల కోపంతో చెక్కలు విరగ్గొట్టేస్తంది వదినా" అని అమ్మ ఫోన్‌లో అత్తయ్యకు చెప్పింది. నేను ఎక్కి ఎగరాలని షెడ్డులో కడుతున్న చెక్క విమానానికి ఏది అతికించినా, అదే జిగురుతో రెండు చిన్న ముక్కలు అతికించి, ఆరాక విరిచి చూస్తాను. చెక్క చీలితే అతుకు గట్టిది. ఇవాళ్టి ముక్క చెక్క చీలకుండా జిగురు దగ్గరే ఊడింది. వానల తేమ కాబోలు. అదే జిగురుతో రెక్క బరువంతా మోసే దూలం అతికించాం. దరియాలతిప్పలో పడవలు కట్టే బాబాయి నెల రోజులు చిత్రిక పట్టిన దూలం.

"నా పడవలన్నీ ఈ జిగురు మీదే తిరుగుతున్నాయే. ఏం కాదు" అన్నాడు బాబాయి.

"పడవ విడిపోతే ఈదొచ్చు బాబాయ్" అన్నాను.

ఆయన నవ్వలేదు. దూలాన్ని అరచేత్తో ఒకసారి నిమిరి, టీ తాగకుండానే వెళ్ళిపోయాడు. మళ్ళీ వస్తాడో, రాడో...

రేపు పొద్దున్నే ఆ దూలాన్ని కోసేస్తాను.