పాత లైను మీద మంద

28 జూలై 1957

ఈ రోజుతో మా స్టేషన్ పని అయిపోయింది. వంపు తీసేసి మైలు అవతల కొత్త లైను వేశారు. వికారాబాద్ నుంచి తాండూరు వెళ్ళే బళ్ళన్నీ రేపటి నుంచి అటే. చివరి ప్యాసింజర్‌కు నేనే జెండా ఊపాను. గార్డు కనీసం చెయ్యి ఎత్తలేదు. తొమ్మిదేళ్ళు ఈ ప్లాట్‌ఫాం మీద నిలబడ్డ స్టేషన్ మాస్టర్‌కు ఆ మర్యాద చాలనుకున్నాడు కాబోలు. రికార్డులు అప్పగించేదాకా నన్నూ, పట్టాలు మార్చే పాయింట్స్‌మన్ మునీర్‌నూ ఇక్కడే ఉండమన్నారు.

30 జూలై

పొద్దున్నే బీరన్న వచ్చాడు. గొర్రెల మందను పట్టాలు దాటించే ముందు రోజూ వచ్చి, సారూ బండున్నదా అని అడుగుతాడు. తొమ్మిదేళ్ళలో ఒక్క రోజూ మానలేదు. నేను సరే అనందే అతని గొర్రె ఒక్కటి కూడా పట్టా తొక్కదు.

ఇవాళా అదే ప్రశ్న. నాకు నవ్వొచ్చింది. ఇక నన్నడగొద్దు, ఈ లైను చచ్చింది, కావాలంటే మందను పట్టాల మీదే పడుకోబెట్టుకో అన్నాను. మునీర్ కూడా నవ్వాడు. బీరన్న నవ్వలేదు. నిజంగనే రాదా సారూ అని రెండోసారి అడిగాడు. రాదు పో అన్నాను.

5 ఆగస్టు

వాన. నిన్నా వానే.

9 ఆగస్టు

బీరన్న నా మాట పట్టుకున్నాడు. చేలన్నీ బురద, తడికి గిట్టలు కుళ్ళుతున్నాయని మందను తెచ్చి లైను కట్ట మీద, పట్టాల మధ్య కంకర మీద ఆపుతున్నాడు. సొంతవి ఇరవై, ఊరివాళ్ళవి నలభై. భార్య బుగ్గమ్మ కట్ట పక్కనే మూడు రాళ్ళు పెట్టి వండుతోంది. వెళ్ళి చూశాను. గీడ నీళ్ళు నిలువయి, మస్తు మంచిగున్నది, మీ దయనే సారూ అన్నది. గర్వంగా అనిపించింది, దాచడమెందుకు.

13 ఆగస్టు, సాయంత్రం

మెమో వచ్చింది. పాత పట్టాలు ఊడదీయడానికి రేపు మెటీరియల్ ట్రైన్ వస్తుందట. టైము రాయలేదు. సంతకం చేసి ఫైల్లో పెట్టాను. మునీర్‌కు జ్వరం. గొర్రెల మంద ఉన్న చోటికి వెళ్ళాలంటే వానలో రెండు మైళ్ళు నేనే నడవాలి. పొద్దున బీరన్న వస్తాడు కదా, అప్పుడు చెబుతాను. రోజూ వచ్చేవాడే.

14 ఆగస్టు

బీరన్న రాలేదు. అడగొద్దన్నది నేనే.

ఏడింటికి ట్రైన్ వచ్చింది. ఇంజను వెనక, ఖాళీ వ్యాగన్లు ముందు; డ్రైవర్‌కు ముందు దారి కనపడదు. మంద మలుపులో ఉంది. ఈల విని గొర్రెలు పారిపోలేదు, ఒకదాన్నొకటి ఒరుసుకుని ముడుచుకున్నాయట. బుగ్గమ్మ నీళ్ళకని కట్ట దిగింది, బతికింది. బీరన్న రెండు గొర్రెపిల్లల్ని కిందికి విసిరి, ఇంకో రెండింటి కోసం మళ్ళీ పట్టాల మీదికి ఎక్కాడట. నేను పరుగెత్తి వెళ్ళేసరికి అంతా అయిపోయింది. చూశాను. రాయను.

15 ఆగస్టు

కొత్త స్టేషన్‌లో జెండా ఎగరేశారు. నేనూ వెళ్ళి సెల్యూట్ చేశాను.

19 ఆగస్టు

ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. మెమో మీద నా సంతకం చూశాడు. అనంతయ్యా, బండి రాదని వాడికి ఎవరైనా చెప్పారా, ఉన్నదున్నట్టు స్టేట్‌మెంట్ రాసివ్వు అన్నాడు. చెప్పానని రాస్తే ఉద్యోగం పోతుంది. జైలు కూడా. ముగ్గురు పిల్లలు.

ఎవరూ చెప్పలేదు, నేను చాలాసార్లు హెచ్చరించినా వినలేదు అని రాశాను. చేతిరాత ఎప్పటికన్నా చక్కగా వచ్చింది. సిగ్గులేని చెయ్యి. మునీర్ తనకేమీ తెలియదన్నాడు. నా ముఖం చూడలేదు.

22 ఆగస్టు

బుగ్గమ్మను లోపలికి పిలిచారు. నేను బయట వరండాలో నిలబడ్డాను. ఆమె ఒక్క మాటంటే మునిగిపోతాను. చాలాసేపటికి ఇన్‌స్పెక్టర్ బయటికొచ్చి, ఎవలు జెప్పలేదు సారూ అన్నదట, కేసు అయిపోయిందన్నాడు. నా కోసం అబద్ధమాడింది! మొగుణ్ణి పోగొట్టుకున్న మనిషి. గోడ వైపు తిరిగి ఏడ్చాను.

2 సెప్టెంబర్

ట్రాన్స్‌ఫర్. వెళ్ళేముందు బుగ్గమ్మ ఇంటికి పోయాను. నన్నెందుకు కాపాడావని అడిగాను. ఆమెకు అర్థం కాలేదు. పెద్దసారు మీ కాయితం సదివి ఇనిపిచ్చిండు, మీరు అబద్ధం రాయరు గద, కట్ట కాడికొచ్చిననాడు గూడ ఆయనకు జెప్పే ఉంటరు అన్నది. మా గొర్రెలను చంపిండని ఊరంతా బీరన్నను తిడుతోందట. తనూ తిట్టిందట. బండి రాదని సారు జెప్పిండని నాతోని ఎందుకన్నడో, నా మొగడు నాతోనే అబద్ధమాడె సారూ, గదే నా ఫికర్ అన్నది.

బండికి టైమైందని లేచి వచ్చేశాను.