కోడలి కడుపులో బొగ్గు

మందమర్రి కాలరీ,
ఆదిలాబాద్ జిల్లా.
20-9-1964, ఆదివారం.

సుల్తానాబాద్‌లో మగ్గం చప్పుళ్ల మధ్య చల్లగా ఉన్న వదిన బుచ్చవ్వకు, మందమర్రి నుంచి నీ వియ్యపురాలు శంకరవ్వ దండాలు పెట్టి రాయించేది. ఇక్కడ నీ బిడ్డ, నీ అల్లుడు, నేను ముగ్గురం బాగున్నాం. మీరంతా బాగున్నారని తెలిస్తే ఇంకా బాగుంటాం.

ఈ ఉత్తరం రాస్తున్నది నీ బిడ్డ కమలే. నాకు అక్షరం ముక్క రాదని నీకు తెలుసు. నేను నోటికొచ్చినట్టు చెబుతుంటే, తను బడిలో నేర్చిన భాషలోకి దిద్ది రాస్తోంది. మొదట ‘మీరు’ అని మొదలుపెట్టింది. వదినతో మీరేమిటి, ఆమె నన్ను తిట్టేటప్పుడు మీరంటుందా అని కొట్టివేయించాను.

నీ ఉత్తరం అందింది. కమల చదివి వినిపించింది. మధ్యమధ్య గొంతు తగ్గించి దాటేసింది కూడా. అక్కడ నన్నేమన్నావో ఊహించుకున్నాను. నీ కోపంలో తప్పు లేదు వదినా. కడుపుతో ఉన్న ఒక్కగానొక్క బిడ్డ ఒంట్లో నెత్తురు లేక తెల్లబడిందని, ఆమె చేత ఇనుము మింగిస్తున్నారని, లోపలంతా బొగ్గయిందని సంతకు వచ్చినవాళ్లు చెబితే ఏ తల్లి ఊరుకుంటుంది? ఆ గోలీలు వెంటనే మాన్పించమని, లేకపోతే రైలెక్కి వచ్చి బిడ్డను తీసుకుపోతానని రాశావు. నువ్వు వస్తే నాకు సంతోషమే. గోలీలు మాత్రం మాన్పించను. ఎందుకో చెబుతాను, కుదురుగా కూర్చుని విను.

వానలు మొదలైనప్పటి నుంచి కమల నీరసంగా ఉండేది. నల్లా నుంచి బిందె తెచ్చేలోపు మధ్యలో కూలబడేది. అన్నం సగం వదిలేసేది. కానీ మా మట్టి పొయ్యి అంచు మాత్రం రోజురోజుకూ సన్నబడుతోంది. ఎలుకలేమో అనుకున్నాను. ఒకనాడు చూద్దును కదా, నీ బిడ్డే ఆ పెళ్ల గిల్లి చప్పరిస్తోంది! కడుపుతో ఉన్నవాళ్లకు మన్ను మీద పాణం పోవడం మామూలే కదా అని నేను నవ్వాను. నా కొడుకు సిద్దిరాములు నవ్వలేదు. షిఫ్టు మానుకుని మా ఇద్దరినీ దవాఖానకు తీసుకుపోయాడు.

డాక్టరమ్మ కమల కనురెప్ప కిందికి లాగి చూసింది. గోళ్లు చూసింది. వేలికి సూది గుచ్చి నెత్తురు తీయించింది. ఈ పిల్ల ఒంట్లో ఇనుము తక్కువగా ఉంది, మన్ను తినాలనిపించేది కూడా అందుకేనంది. కాన్పు నాటికి నెత్తురు పెరగకపోతే తల్లికీ బిడ్డకూ గండమే, వరంగల్ పెద్ద దవాఖానకు పోవాల్సిందే, పుట్టింటి కాన్పు మాట మరిచిపోండి అని కూడా చెప్పింది. అయినా నా నోరు ఊరుకోదు కదా. ఇనుము రైలు పట్టాలల్ల ఉంటది, బొగ్గు మోసే టబ్బులల్ల ఉంటది గని మనిషి నెత్తుట్ల ఎట్లుంటదమ్మా, మా కోడలేమన్న రైలు డబ్బానా అని అడిగేశాను. నెత్తురుకు ఆ ఎరుపు వచ్చేదే ఇనుముతో అని ఆమె ఓపికగా చెప్పి, రోజుకొకటి వేసుకోమని గోలీలు ఇచ్చింది.

ఇక సిగ్గు విడిచి చెప్పాలి. ఇక్కడ కమల కలం ఆపింది. రాయి బిడ్డా, చదివేది మీ అవ్వే కదా అన్నాను. గోలీలు మొదలుపెట్టిన కొద్ది రోజులకే నీ బిడ్డకు దొడ్డికి నల్లగా కాసాగింది. నలుపంటే అలాంటిలాంటి నలుపు కాదు. అచ్చం బాయిలోంచి అప్పుడే తీసిన బొగ్గు.

నేను పరేషాన్ అయిపోయి పక్క క్వార్టరు పోచవ్వను పిలిచాను. ఆమె పెనిమిటి తల బొగ్గు బాయి పనిలోనే నెరిసింది కనుక ఆమెకు తెలియనిది లేదని మా లైనులో పేరు. గిది గోలీల పని కాదు శంకరక్కా, మొగని బొగ్గు బట్టలు ఉతికి ఉతికి పిల్ల కడుపులకు బొగ్గు దిగింది, మావోడు షిఫ్టు దిగినంక నల్లగ ఉమ్ముతడు సూడు, గదే బొగ్గు ఈ పిల్లకు కిందికొస్తుంది అని తేల్చి చెప్పింది. అప్పుడు నాకది నిజమే అనిపించింది. నువ్వున్నా అదే అనుకునేదానివి, కాదనకు.

బాయి దిగేవాళ్లకు ఇక్కడ ఒక మందుంది. షిఫ్టు అయ్యాక బెల్లం ముక్క నమిలితే గొంతులోని బొగ్గు దుమ్ము జారిపోతుందని అందరి నమ్మకం. పైన పనిచేసే బెల్లం కింద పనిచేయదా అని గోలీల డబ్బా అటక మీద పెట్టేశాను. పొద్దున బెల్లం, మాపు బెల్లం. బట్టలు నేనే ఉతికాను. నీ అల్లుడి తిప్పలు మాత్రం చెప్పతరం కాదు. నల్లా కింద కుంకుడుకాయ పెట్టి రుద్దుకుంటే గానీ గడప తొక్కనివ్వలేదు. చెవుల వెనక వేలు పెట్టి చూసి మళ్లీ వెనక్కి పంపేదాన్ని. అవ్వా, గిది బొగ్గు గాదే, నా రంగే గింత అని వాడు వాకిట్లో మొత్తుకునేవాడు. లైనంతా నిలబడి నవ్వేది.

అయితే వదినా, నలుపు పోయింది! బెల్లం గెలిచిందని నేను ఛాతీ విరుచుకుని దవాఖానకు పోయాను. మీ గోలీలతోని కాలేదమ్మా, బెల్లంతోని బొగ్గంత దిగింది అని డాక్టరమ్మకు చెప్పాను. ఆమెకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకునేంత నవ్వింది. తర్వాత కమల నెత్తురు మళ్లీ పరీక్ష చేయించింది. అది చూశాక ఆమె నవ్వు ఆగిపోయింది. నెత్తురు ఎక్కడిదక్కడే ఉంది. ఒంటికి పట్టినంత పట్టగా మిగిలిన ఇనుము నల్లగా బయటికి పోతుందట. మనం గోలీ ఆపాం కనుక నలుపు ఆగిందట. బెల్లం తింటే తిననీ, గోలీ మాత్రం ఆపితే పిల్ల దక్కదు అని గట్టిగా చెప్పింది.

తిండి గురించి కూడా చెప్పింది. తైద అంబలి, జొన్న గట్క, నువ్వులు, పుంటికూర, మునగాకు, దొరికిననాడు మేక కార్జం పెట్టమంది. ఆమె రాగులు, గోంగూర అన్నవి మన తైదలు, పుంటికూరేనట. కూర మీద నిమ్మకాయ పిండుకుంటే ఇనుము ఒంటికి బాగా పడుతుందట. పాలు, నువ్వులు పుట్టబోయే బిడ్డ బొక్కలు గట్టిపడేందుకు సున్నం ఇస్తాయట. ఇనుమంటవు, సున్నమంటవు, మేం బిడ్డను కంటున్నమా, ఇల్లు కడుతున్నమా అన్నాను. నర్సమ్మలు కూడా నవ్వారు.

తీరా వింటే ఇవన్నీ మన ఇండ్లల్లో ఉన్నవే కదా వదినా! కాలరీకి వచ్చి జీతం మొహం చూశాక మాకు తెల్లన్నం మోజు పట్టింది. గట్క వండితే పక్కింటివాళ్లు పల్లెటూరివాళ్లంటారని కమల అడగలేదు, నేను వండలేదు. చాయ్ తాగి ఆకలి చంపుకోవడం ఒకటి. ఇప్పుడు మా పొయ్యి మీద గట్క ఉడుకుతుంటే పోచవ్వ గిన్నె పట్టుకుని వస్తోంది. తైదలు ఇక్కడ మంచివి దొరకవు. ఎవరైనా ఇటు వస్తుంటే ఒక మూట పంపు.

గోలీల సంగతి అంటావా, డాక్టరమ్మ చెప్పాక నేను మారుమాట ఆడలేదు. చదువుకున్న మనిషి మాట మీద అనుమానపడే రకం కాదు నేను. మంచిరోజు చూసి పోయిన నెల ఒక గురువారం నాడు మళ్లీ మొదలుపెట్టించాను. అప్పటి నుంచి ఒక్క పూట తప్పలేదు. నిన్న పరీక్ష చేస్తే నెత్తురు పెరిగింది! డాక్టరమ్మ కమల వీపు తట్టింది. ఇలాగే గోలీలు వేసుకుంటూ కడుపునిండా తింటానంటే పుట్టింటికి పోవచ్చంది. నాకు దవాఖాన వరండాలోనే ఏడుపొచ్చింది. సంతోషంతోనే.

బతుకమ్మకు ముందే సిద్దిరాములు, నేను కలిసి కమలను తీసుకొస్తాం. తొలి కాన్పు నీ చేతుల మీదే జరగాలి, అది నీ హక్కు. కానీ గోలీలు మాన్పించావో, అక్కడే నీ వాకిట్లోనే నీతో కొట్లాట పెట్టుకుంటాను. నల్లగా అయిందని భయపడకు. మీ వాడలోనూ పోచవ్వలు ఉంటారు, వాళ్ల మాట చెవిన పెట్టకు. నువ్వులు వేడి చేస్తాయని దాచిపెట్టకు. అన్నగారికి మా దండాలు చెప్పు.

ఇట్లు,
నీతో కొట్లాడినా నిన్ను విడిచి ఉండలేని వియ్యపురాలు,
శంకరవ్వ (వేలిముద్ర)

తా.క. అవ్వా, వేలిముద్ర వేసి అత్త నల్లా దగ్గరికి పోయింది. ఇక్కడి నుంచి మాటలు నావి. పైన రాయించిన దాంట్లో ఒక సంగతి నిజం కాదు. డాక్టరమ్మ మాట అత్త నమ్మలేదు. ఆ రోజు దవాఖాన నుంచి వచ్చాక నేను గోలీ అడిగితే, మంచిరోజు రానీ బిడ్డా అంటూ దాటవేసింది. ఆ గురువారం దాకా నా గోలీలు తనే మింగింది. పొద్దున్నే చెంబు పట్టుకుని పోయి, వచ్చి, కడుపు నొక్కి చూసుకుంటూ గడప మీద కూర్చునేది. ఆమెకూ నల్లగా అయింది. నొప్పి రాలేదు, ఏమీ కాలేదు. అప్పుడుగానీ నా చేతిలో గోలీ పెట్టలేదు. డబ్బాలో గోలీలు తగ్గాయేమిటని నేను గట్టిగా అడిగితే చెప్పింది. నేను ఏడ్చాను. దానికి ఆమె నన్నే కసిరింది. నీ నోట్లె ఏసే ముందుగల ఎవలన్న మింగి సూడాలె కద బిడ్డా, మీ అవ్వ ఈడుంటే ఆమెనే మింగేది, ఆమె దూరమున్నది, నేను దగ్గరున్న అంది.