ఉప్పు లేని రొట్టె

జులై 21, సోమవారం

కొత్త కేసు. మొయినాబాద్‌లో చర్చి వెనక సందులో ఇల్లు. పేషెంట్ స్వామిదాసు, ఆర్టీసీ డ్రైవర్‌గా చేసి రిటైర్ అయ్యాడు. మోటార్ న్యూరాన్ జబ్బు. ముందు నాలుక, గొంతు పోయాయి. తర్వాత చేతులు, ఇప్పుడు కాళ్లు. ఆహారం పోయడానికి ముక్కులో ట్యూబ్, గొంతులో అడ్డుపడింది లాగేయడానికి పక్కన సక్షన్ మెషిన్. బుర్ర మాత్రం శుభ్రంగా పనిచేస్తోంది. ఈ జబ్బులో నాకు నచ్చనిది అదే. బ్రెయిన్ ట్యూమర్ వాళ్లను చూశాను, కొన్నాళ్లకు ఏమీ తెలియకుండా పోతుంది. వీళ్లకు చివరిదాకా అన్నీ తెలుస్తాయి.

చూడగానే గుర్తుపట్టాను. నేను నర్సింగ్ చదివే రోజుల్లో చేవెళ్ల నుంచి మెహదీపట్నం పోయే బస్సు ఈయనే నడిపేవాడు. ఫుట్‌బోర్డు మీద ఎవరైనా నిలబడితే బండి ఆపేసేవాడు. లోపలికొస్తరా దిగుతరా అని అరిస్తే వెనక సీట్లో నిద్రపోతున్నవాళ్లు కూడా లేచి కూర్చునేవారు. మీ బస్సులోనే చదువుకున్నాను సార్ అన్నాను. కళ్లు పైకెత్తాడు. కళ్లు పైకెత్తితే అవును, మూస్తే కాదు. అంతకు మించి మాట లేదు.

కొడుకు ప్రేమ్‌చంద్ ఇక్కడే ఇంజనీరింగ్ కాలేజీలో ల్యాబ్ అసిస్టెంట్. నాకు ఒకటే రూల్ చెప్పాడు. నోట్లకు ఏం పోవద్దు సిస్టర్, నీళ్ల చుక్క గూడ పోవద్దు అన్నాడు. జూన్‌లో ఆయనకు ఉప్మా తినిపించింది ఇతనేనట. గొంతుకు అడ్డం పడి తండ్రి మొహం నీలంగా మారడం కళ్లారా చూశాడు. ఆ మాట చెబుతూ తన చేతి వేళ్లనే చూసుకున్నాడు.

జులై 25

వీళ్లింట్లో పోపు పెట్టేటప్పుడు తలుపు వేసుకుంటారు. ఆయనకు వాసన తగలకూడదని. మారెమ్మ, అంటే ఆయన భార్య, పెరట్లో కూర్చుని గబగబా తినేసి మూతి కడుక్కుని లోపలికి వస్తుంది. అయినా ఆయనకు తెలిసిపోతుంది. పప్పుచారు రోజున ముక్కు పుటాలు కదిలాయి.

ఆగస్టు 2, శనివారం

రేపు నెలలో మొదటి ఆదివారం. చర్చిలో ప్రభు భోజనం, క్రీస్తు శరీరమని రొట్టె, రక్తమని ద్రాక్షరసం పంచుతారు. దానికి రొట్టె చేసేది మారెమ్మే, పెళ్లై వచ్చినప్పటి నుంచీ. గోధుమపిండి, నీళ్లు, నూనె చుక్క. ఉప్పు వేయదు, పొంగేది ఏదీ కలపదు. పెనం మీద చిన్న మంటతో కాలుస్తుంది. ఆ రొట్టెను పళ్లెంలో పట్టుకుని మనిషి మనిషికీ అందించేది, జబ్బు పడేదాకా, సంఘ పెద్దగా స్వామిదాసే.

చిటికెడు ఉప్పు వేస్తే బాగుంటుంది కదా అవ్వా అన్నాను. రుచికి తినేది గాదు బిడ్డా అని నవ్వింది. చిన్న ముక్క విరిచి రుచి చూపిస్తుందేమో అనుకున్నాను. ప్రార్థన కాకముందు కూడా ఎవరికీ పెట్టదట.

ఆగస్టు 3, ఆదివారం

పరువు పోయింది. అది కూడా రెండుసార్లు.

ఆరాధన అయ్యాక పాస్టర్ కృపాకర్ గారు రొట్టె, ద్రాక్షరసం ఇంటికి తెచ్చారు. మంచం చుట్టూ నిలబడి ప్రార్థన చేశారు. మారెమ్మకు, ప్రేమ్‌చంద్‌కు ఇచ్చారు. నేను అలవాటు కొద్దీ కుడి చేయి చాచాను, కింద ఎడమ చేయి ఆనించి మరీ. ప్రసాదం అంటే అలాగే కదా తీసుకుంటాం. పాస్టర్ గారి చేయి ఆగిపోయింది. బాప్తిస్మం తీసుకున్నోళ్లకే బిడ్డా, ఏమనుకోకు అని మారెమ్మ నా చేతిని మెల్లగా మూసింది. ఏమీ అనుకోలేదని చెప్పాను. చాలానే అనుకున్నాను.

ఇక స్వామిదాసుకు ఎలా ఇవ్వాలని అందరూ నా వైపు చూశారు. ఆ అవమానంలో ఉన్నదాన్ని, నా తెలివి చూపించడానికి ఇదే సమయం అనుకున్నాను. ఆయన వాటా ముక్కను వంటింట్లోకి తీసుకెళ్లి, ద్రాక్షరసం పోసి మిక్సీలో తిప్పి, వడగట్టి, సిరంజితో ట్యూబ్‌లోకి ఎక్కించాను. ఆమెన్ అన్నారు. ప్రేమ్‌చంద్ నాకు థ్యాంక్స్ కూడా చెప్పాడు.

తర్వాత వంటింట్లోకి వెళ్లి జల్లెడ సింకులో కడిగేశాను. మిగిలిన పిప్పి అంతా నీళ్లతో పోయింది. వెనకే వచ్చిన మారెమ్మ చూసింది. వంగి, సింకు కింద పైపు విప్పి, ఆ మురికి నీళ్లు గిన్నెలోకి పట్టుకుంది. పెరట్లో మునగచెట్టు మొదట్లో మన్ను తవ్వి, పోసి, కప్పి, చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని చాలాసేపు కూర్చుంది. లేచి వచ్చాక చెప్పింది, రాలింది పారెయ్యం బిడ్డా, మిగిలింది మేమే తింటం, నీకు తెల్వదు గదా అని. తిట్టి ఉంటే హాయిగా ఉండేది.

వెళ్లేముందు ఆయన్ని అడిగాను, తృప్తిగా ఉందా సార్ అని. కళ్లు మూసుకున్నాడు. నిద్రేమో అనుకున్నాను.

ఆగస్టు 5

నిద్ర కాదు. నిన్నంతా నాకు ఏ జవాబూ ఇవ్వలేదు. ఇవాళ ఒక్కొక్కటే అడిగాను. నొప్పా? మూశాడు. పక్క తడిసిందా? మూశాడు. ఆదివారం సంగతా? పైకెత్తాడు. రొట్టె నోటితో కావాలా? పైకెత్తాడు. ఇక దించలేదు, నీళ్లు కారి చెవుల్లోకి పోయేదాకా.

ఆగస్టు 11

ప్రేమ్‌చంద్‌కు చెప్పాను. జూసుకోవడానికి వచ్చినవా సంపడానికి వచ్చినవా సిస్టర్ అన్నాడు. తప్పులేదు, నేను అతని చోట ఉన్నా అదే అనేదాన్ని. మారెమ్మ గుమ్మంలోంచి అన్నది, మీ బాపు పెండ్లైన సంది ఒక్క నెల గూడ రొట్టె దప్పలే, డ్యూటీ ఉంటే సెలవు పెట్టి మరీ వచ్చెటోడు అని. అతను పళ్లెంలో అన్నం వదిలేసి కాలేజీకి వెళ్లిపోయాడు.

డాక్టర్‌కు ఫోన్ చేశాం. నోటితో ఇస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుంది, న్యుమోనియా వస్తే ఈ స్థితిలో తట్టుకోలేడు అన్నారు. తర్వాత, ఆయనకు ఏం కావాలో ఆయన్నే అడగండి అన్నారు. ఆ రెండో మాట ప్రేమ్‌చంద్‌కు వినపడనట్టే ఉంది.

ఆగస్టు 19

నా ప్లాన్ మారెమ్మకు చెప్పాను. గోరంత ముక్క, రసంలో ముంచి నాలుక మీద పెడదాం. దిగకపోతే సక్షన్‌తో వెంటనే లాగేస్తాను. లాగింది యాడికి పోతది అని అడిగింది. జార్‌లోకి. జార్ యాడ పారబోస్తవు? బాత్రూమ్‌లో. మంచం మీద ఆయన కళ్లు గట్టిగా మూసుకుని ఉన్నాడు. అన్నీ విన్నాడు.

ఆగస్టు 29

బరువు తగ్గింది. ఇప్పుడు ఊపిరికి మాస్క్ పెడుతున్నాం, అది తీస్తే పెదాలు నల్లబడుతున్నాయి. సందు చివర వినాయకుడి మండపం, డీజే మోతకు మందు సీసాలు గలగలమంటున్నాయి. మారెమ్మ వెళ్లి జర తగ్గించుండ్రి నాయనా, మా ఇంటాయనకు పానం బాగలేదని చెబితే, పాపం, పిల్లలు పూర్తిగా ఆపేశారు. ఆ నిశ్శబ్దంలో ఆయన ఊపిరి ఎంత కష్టంగా ఉందో ఇంకా బాగా వినపడింది.

ఆగస్టు 31

వచ్చే ఆదివారం తర్వాత ఇంకో మొదటి ఆదివారం ఈయనకు ఉండదు. రాయకూడదు, రాసేశాను.

సెప్టెంబర్ 4, గురువారం

ఇవాళ ప్రేమ్‌చంద్‌ను మంచం దగ్గర కూర్చోబెట్టి నేనే అడిగాను. రొట్టె అడ్డం పడితే మీ ప్రాణం పోవచ్చు, తెలుసా సార్? పైకెత్తాడు. అయినా కావాలా? పైకెత్తాడు. దగ్గు వస్తే సక్షన్ పెట్టనా? మూశాడు. అస్సలు వద్దా? పైకెత్తాడు.

ప్రేమ్‌చంద్ తండ్రి చేయి పట్టుకుని, నా కోసం ఆగవా బాపూ అన్నాడు. స్వామిదాసు కొడుకును చాలాసేపు చూశాడు. కళ్లు పైకెత్తలేదు, మూయలేదు. చూస్తూనే ఉన్నాడు. సరే బాపూ, నేనైతే ఉండ ఆ టైముకు అని అతను లేచాడు. బయట బండి స్టార్ట్ చేసి, ఎక్కడికీ వెళ్లకుండా, దాని మీదే కూర్చున్నాడు.

నాకు కూడా భయమే. నేను ఎవరికీ ప్రాణం పోయే పని చేయలేదు ఇంతవరకు.

సెప్టెంబర్ 7, ఆదివారం

ప్రేమ్‌చంద్ ఉన్నాడు. గుమ్మంలో, చెప్పులు వేసుకుని, సగం బయట.

మంచం తల భాగం ఎత్తి, గడ్డం ఛాతీకి దగ్గరగా వంచాను. నోరు శుభ్రం చేశాను. పాస్టర్ గారు ప్రార్థన చేసి ముక్క తీశారు గాని ఆయన నోటిదాకా తేలేక నిలబడ్డారు. మారెమ్మ ఆ ముక్క తన చేతిలోకి తీసుకుని, ఆయన పెదాలు వేలితో తెరిచి, నాలుక మీద పెట్టింది. తర్వాత ద్రాక్షరసం, చెంచా అంచుతో, కొన్ని చుక్కలు.

దగ్గు వచ్చింది. దాన్ని దగ్గు అనడానికి కూడా లేదు, దగ్గే బలం ఎక్కడిది. మొహం ముదురు రంగులోకి తిరిగింది. నా చేయి దానంతటదే సక్షన్ స్విచ్ మీదికి పోయింది. ఆయన నన్ను చూశాడు. ఫుట్‌బోర్డు మీద నిలబడ్డప్పుడు అద్దంలోంచి చూసేవాడే, అచ్చం ఆ చూపు. చేయి తీసేశాను. తీసేసి నా కొంగు పట్టుకున్నాను. అది తప్పో ఒప్పో నాకు తెలియదు. బతికించడానికి చదువుకున్న చేతిని నేనే పట్టి ఆపాను.

కాసేపటికి ఊపిరి అందింది. రంగు తిరిగొచ్చింది. మింగారా సార్ అన్నాను. కళ్లు పైకెత్తాడు.

మారెమ్మ ఏడుస్తూ పాట అందుకుంది. ప్రేమ్‌చంద్ చెప్పులతోనే లోపలికి వచ్చి తండ్రి కాళ్ల మీద పడ్డాడు. మింగిండే అమ్మా, మా బాపు మింగిండు అని పసిపిల్లాడిలా అంటూనే ఉన్నాడు. జూన్ నుంచి అతని మొహంలో ఉన్న ఆ ముడి ఇవాళ విడిపోయింది. అతను నవ్వడం నేను చూడటం ఇదే మొదటిసారి.

సాయంత్రం నోరు తుడవబోతే పళ్లు బిగించాడు. అలిసిపోయాడని వదిలేశాను.

సెప్టెంబర్ 8

జ్వరం. ఛాతీలో గరగర. దవాఖానకు పోదామా బాపూ అని ఈసారి ప్రేమ్‌చందే అడిగాడు. కళ్లు మూశాడు. అతను తల ఊపి, తడిగుడ్డ తెచ్చి నుదురు తుడవడం మొదలుపెట్టాడు.

నోరు ఇవాళ కూడా తెరవనివ్వలేదు. రెండుసార్లు ప్రయత్నించాను. ఇంత మొండితనం ఏమిటి సార్ అని విసుక్కున్నాను కూడా.

సెప్టెంబర్ 9, మంగళవారం

బస్సులో ఉండగానే ఫోన్ వచ్చింది. నేను వెళ్లేసరికి ఒళ్లు ఇంకా వెచ్చగానే ఉంది.

స్నానం చేయించడానికి సంఘం మగవాళ్లు బయట నీళ్లు కాచుతున్నారు. ట్యూబ్ తీసి శుభ్రం చేసి ఇస్తానని చెప్పి తలుపు దగ్గరగా వేశాను. ఇప్పుడు దవడ తేలిగ్గా తెరుచుకుంది. కుడి బుగ్గకూ పళ్లకూ మధ్య ఏదో తగిలింది. గాజుగుడ్డతో బయటికి తీశాను.

రొట్టె. అంచులు మెత్తబడ్డాయి గాని ముక్క ముక్కలాగే ఉంది.

ఆదివారం నుంచీ నోట్లో దాచుకున్నాడు. మింగడం తన వల్ల కాదని ఆయనకు అప్పుడే తెలుసు. నేను లాగేస్తానని, బాత్రూమ్‌లో పారబోస్తానని పళ్లు బిగించాడు. నేనేమో విసుక్కున్నాను. మరి ఊపిరితిత్తుల్లోకి పోయింది ఏమిటి? ఆ నాలుగు చుక్కల ద్రాక్షరసమా, ఎంగిలా? నా చేయి ఆ స్విచ్ నొక్కి ఉంటే ఇవాళ బతికి ఉండేవాడా? ఎవరిని అడగను?

అప్పుడే మారెమ్మ లోపలికి వచ్చింది. భర్త మొహం నిమిరింది. మంచిగ మింగిండు గదా బిడ్డా, అది నోట్లకు పోయినంకనే పోయిండు గదా అని అడిగింది. వెనక గుమ్మంలో ప్రేమ్‌చంద్ నిలబడి నా నోటివంక చూస్తున్నాడు. గ్లవ్ వేసుకున్న నా పిడికిలిలో ఆ ముక్క ఉంది.

మింగాడు అవ్వా అన్నాను.

వాళ్లు వెళ్లాక దాన్ని ఏం చేయాలో తెలియలేదు. వాడిన దూది, గ్లవ్స్ పారేసే పసుపు సంచిలో వేయలేను. సింకు వైపు చూడటానికే భయం. మునగచెట్టు దగ్గర సంఘం వాళ్లంతా నిలబడి ఉన్నారు. మిగిలింది మేమే తింటం అన్నది ఆవిడ. నేను వాళ్లలో దాన్ని కాదు, నా చేయి మూసేసిన మాట కూడా గుర్తుంది. అయినా వంటింట్లోకి వెళ్లి, గ్లవ్ విప్పి, గోడ వైపు తిరిగి నోట్లో వేసుకున్నాను. మొదట దిగలేదు. నాలుకతో పక్కకు తిప్పాను. కళ్లు గట్టిగా మూసుకుని రెండో గుటకకు మింగేశాను. కొంచెం అంగిలికి అంటుకుంటే ఎంగిలి మింగాను, అదీ పోయింది.

అక్టోబర్ 5, ఆదివారం

మోకిలలో ఇంకో పేషెంట్ దగ్గర డ్యూటీ. మధ్యాహ్నం మారెమ్మ ఫోన్ చేసింది. ఇయ్యాల గూడ రొట్టె నేనే చేసిన బిడ్డా అన్నది. ఆయన ఎట్ల మింగిండో ఇంకొక్కసారి చెప్పు అని అడిగింది. చెప్పాను. మొదట దిగలేదని, నాలుకతో పక్కకు తిప్పాడని, కళ్లు గట్టిగా మూసుకున్నాడని, రెండో గుటకకు లోపలికి పోయిందని, అంగిలికి అంటుకున్నది కూడా పోయిందని చెప్పాను.